రెండో బేరగాడు

ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు దగ్గర నేను చేసిన మొదటి పని కొలతలు తియ్యడం కాదు, కొనేవాడిలా నటించడం. సివిల్ ఇంజినీరింగు అయ్యాక ఏడాది ఖాళీగా ఉండి, కమలాపురం నుంచి ఎమ్మిగనూరుకు ఆ పని కోసం వెళ్ళాను. అక్కడ నన్నెవరూ గుర్తుపట్టరు. అదే నా అర్హత.

ఏజెంటు పద్ధతి ఇది. అమ్మేవాడితో "నీ చేతికి ఇంత ఇప్పిస్తా, పైన వచ్చేది నాది" అని మాట తీసుకుంటాడు. కొనేవాడి దగ్గర రెండు శాతం వేరే. అమ్మేవాడి ధర ఎంత దిగితే ఏజెంటుకు అంత మిగులు. దించడానికి అసలు బేరగాడికంటే ముందు ఇద్దరిని పంపుతాడు. మొదటివాడు మొరటుగా సగం ధర అడిగి వెళ్ళిపోవాలి. రెండోవాడు మర్యాదగా ఇల్లు నచ్చిందని చెప్పి, తప్పులు చూపించాలి. నేను రెండోవాణ్ణి.

"నువ్వు ఇంజినీరువప్పా. నీ నోట్లోంచి వస్తే అబద్ధం గూడా లెక్క మాదిరి ఉంటాది," అన్నాడు ఏజెంటు.

ఇల్లు ఒక నేతగాడిది. అరవై దాటిన మనిషి. తమ్ముడు వాటా అడగడంతో అమ్మకానికి పెట్టాడు. ఇరవై ఆరు లక్షలు చెప్పాడు. సగం తమ్ముడికి పోతే పదమూడు మిగులుతుంది, వెనక వీధిలో మగ్గానికి చోటున్న చిన్న ఇల్లు పన్నెండున్నరకు వస్తుంది. ఈ లెక్కంతా ఆయనే నాకు చెప్పాడు. బేరానికి వచ్చినవాడి ముందు అవసరం బయటపెట్టకూడదని ఆయనకు తెలియదు.

టేపు తీసి వరుసగా రాసుకున్నాను. ఉత్తరం గోడకు చెమ్మ: నిజం. వంటింటి కప్పుకు పగులు: నిజం, సిమెంటు పూస్తే పోతుంది. నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంత: లోతు రెండుముప్పావు అడుగులు, గోడకు దూరం మూడున్నర. దానివల్ల ఇంటికి ఏమీ కాదు.

"ఇల్లు నచ్చింది పెద్దాయనా. ఇంజినీరుగా చెప్తున్నా, ఈ గుంతే అడ్డం. పునాది వదులవుతుంది. ఇది ఉంటే ఇరవైకి మించి ఎవరూ పెట్టరు," అన్నాను.

"మా నాయన తవ్విందప్పా. ఇంతవరకూ గోడ కదల్లేదే?"

"కదిలేదాకా తెలీదు."

"సదువుకున్నోడు చెప్తాండాడు, ఇనుకో," అంది ఆయన భార్య, నాకు మజ్జిగ ఇస్తూ. తాగాను.

వారం తర్వాత ఏజెంటు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "ఆ ముసలాయప్ప మగ్గం ఇప్పేసి గుంత పూడ్సినాడు. పైన నాపరాళ్ళు పరిసినాడు. నువ్వు మళ్ళా వస్తావని ఎదురు సూస్తాండాడంట!"

"అయితే ఇప్పుడు ధర పెంచుతాడేమో," అన్నాను.

"పిచ్చోడా, మగ్గం లేనోడు ఎన్నాళ్ళు ఆగుతాడు? తిండి యాడ నుంచి వస్తాది?"

పది రోజులు ఆగాడు. ఇరవైకి ఒప్పుకున్నాడు. అసలు కొనేవాడు పెట్టింది ఇరవై ఐదు. దస్తావేజులో రాసేది రెండింటికంటే తక్కువైన ప్రభుత్వ ధర కాబట్టి తేడా ఇద్దరికీ తెలియదు. వాళ్ళిద్దరినీ సంతకాల దాకా కలవనివ్వకపోవడమే ఏజెంటు అసలు పని.

రిజిస్ట్రేషను రోజు ఏజెంటు ఫైలు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. పెద్దాయన నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"నువ్వే కొంటావనుకుంటినప్పా. గుంత పూడ్సినా, నీకెవురూ చెప్పలేదా?"

"వేరే చోట దొరికింది."

"మంచిదిలే. నా వాటాకు దుడ్లు పదే వస్తాండాయి, ఆ ఇల్లు అందలేదు. పాత అద్దింటికి పోతాండాం." కొంచెం దగ్గరికి జరిగాడు. "ఆ అద్దింటాయన గుంత తవ్వుకోమన్నాడు. పునాదికేం కాదని ఎవురన్నా ఇంజినీరు చెప్తేనే అన్నాడు. మూడున్నర అడుగులు ఇడిసి తవ్వితే సాలదా నాయనా? నువ్వొక మాట చెప్తే నేను మళ్ళా మగ్గం ఎక్కుతా."

చాలు. ఆ మాట చెప్పడానికి చదువు కూడా అక్కర్లేదు. కానీ సంతకాలు ఇంకా కాలేదు. చాలు అంటే, మరి నా గుంత ఎందుకు పూడ్పించావని అడుగుతాడు.

"వద్దు పెద్దాయనా. పాత ఇళ్ళు ఇంకా ప్రమాదం," అన్నాను.

ఆయన తల ఊపాడు. మెట్ల మీద కూర్చున్న భార్య వైపు తిరిగి, "మగ్గం కట్టెలు అమ్మేద్దాంలే," అన్నాడు. లోపల నుంచి ఆయన పేరు పిలిచారు. ఫైలు తెరిచి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో నేనే చూపించాను.