మమీరాకి కిటికీ సీటు

ఓ మే నెలలో బిలాస్‌పూర్‌లో కట్నీ ప్యాసింజర్ ఎక్కాను. ఓ తెలుగు రైల్వే గార్డు, డ్యూటీలో లేడు, కిటికీ సీట్లో మూడు నేతి డబ్బాల్లో మొక్కలు పెట్టి, వడగాలి తగలకుండా తడి తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

“ఏటండీ ఇవి?” అన్నాను.

“మమీరా, బాబూ. కొండ మొక్కలు, మూడు రకాలు. మా క్వార్టర్ పెరట్లో ఎండకి బతకవు. ఏటా పాసు మీద పెండ్రా కొండల్లో చల్లగా ఉంచేసి, వానలు పడ్డాక తెచ్చుకుంటాను. మా ఆవిడ తిట్టుకుంటాది, పాసులన్నీ వీటికే అని.”

వాటిలో ఒకటి పూసింది. రేకులే లేవు. లేత ఊదారంగు దారాల కుచ్చు, వంగి చూస్తే నా ఊపిరికే వణికింది.

“ఆరేళ్లకి పూసింది,” అన్నాడు గొంతు తగ్గించి.

దారిలో కోటా స్టేషన్ దాటాక తువ్వాలు రెండో కొస నేను పట్టుకున్నాను. పెండ్రా వరకు ఇద్దరం కూర్చోలేదు.