బంతి అడగడం నేర్పిన మనిషి

నిన్న అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో ఇండియన్ షాపులో ఎవరో నొప్పుల బామ్ సీసా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే చేతిలోని బెండకాయలు వదిలేసి అక్కడే నిలబడిపోయాను. మా కోచ్ డంకన్ వాసన అది. ఆదివారం పొద్దున్నే ఎడమ మోకాలికి బామ్ దట్టంగా పట్టించుకుని పార్కులో మాకోసం ఎదురుచూసే డెబ్బై ఏళ్ల స్కాట్లాండ్ మనిషి. ఆయన పోయి ఏడాది దాటింది.

డంకన్ పద్నాలుగేళ్లు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడారు, మిడ్‌ఫీల్డర్‌గా. మైదానం మధ్యలో ఉండి, వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు అందించే పని. పేరు ముందువాళ్లది, పరుగు ఈయనది. అన్నీ చిన్న క్లబ్బులే, వానలూ బురదా. ఆఖర్న అమెరికాలో ఓ జట్టు పిలిస్తే వచ్చి, మోకాలు దెబ్బతిని, ఇక్కడే ఉండిపోయారు. "మొత్తం ఎన్ని గోల్స్ కొట్టారు?" అని మొదటిరోజే అడిగాను. క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, స్కోరు తెలియందే నాకు మనిషి అర్థం కాడు. "తొమ్మిది," అన్నారు. "అందులో రెండు మా గోల్‌లోకే."

మా జట్టంతా తెలుగు సాఫ్ట్‌వేర్‌వాళ్లం. మాకో జబ్బుండేది. బంతి కావాలని ఎవరమూ నోరు తెరిచి అడిగేవాళ్లం కాదు. పక్కవాడే చూసి ఇవ్వాలి, అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటం. డంకన్‌కు ఒళ్లు మండేది. ఆట ఆపేసి, "నువ్వు ఖాళీగా ఉన్నావని వాడికెలా తెలుస్తుంది? గట్టిగా అడుగు!" అనేవారు. మా గోల్‌కీపర్ రమేశ్ అన్న పడీపడీ నవ్వి, "అడగందే అమ్మైనా పెట్టదని మన సామెతే కదరా! ఈయనొచ్చి చెప్పాల్సొచ్చింది మనకి," అన్నాడు.

ఒక వేసవిలో నా ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాణ్ణి, అరవై రోజుల్లో మరో కంపెనీ దొరక్కపోతే దేశం వదలాలి. నా భార్య సుమకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పరువు! అపార్ట్‌మెంట్లో అందరూ మనవాళ్లే కాబట్టి రోజూ లాప్‌టాప్ బ్యాగుతో బయల్దేరి, పార్కు బెంచీ మీద కూర్చుని అప్లికేషన్లు పంపేవాణ్ణి. మూడు వారాలయ్యాక ఒక మంగళవారం డంకన్ కంట పడ్డాను.

"పదింటికి ఇస్త్రీ చొక్కాతో ఇక్కడేం చేస్తున్నావ్?"

"వర్క్ ఫ్రమ్ హోమ్."

"ఇది హోమ్ కాదు," అంటూ పక్కన కూర్చున్నారు. అంతే, అంతా చెప్పేశాను.

ఆయన జాలి పడలేదు. "నన్ను నాలుగుసార్లు తీసేశారు," అన్నారు. సీజన్ ఆఖర్న మేనేజర్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఉంచుతున్నాడో లేదో చెప్పేవాడట. మొదటిసారి సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఒక్కడే ఊరవతల పరుగులు తీశారట. "కాళ్లు బాగానే ఉన్నాయి. నేను ఖాళీగా ఉన్నానని ఎవరికీ తెలీదు. ఇరవై మూడో ఏట ఒక సీజనంతా పోయింది." రెండోసారి గదిలోంచి రాగానే తెలిసిన ప్రతి ఆటగాడికీ ఫోన్ చేశారు. తన చోటు తీసుకున్నవాడే ఆయనకు కొత్త క్లబ్ చూపించాడట.

ఆ ఆదివారం ఆట అయ్యాక అందరం గుండ్రంగా నిలబడ్డప్పుడు, గట్టిగానే అన్నాను. "నా జాబ్ పోయింది. థర్టీ ఫోర్ డేస్ ఉన్నాయి. మీ కంపెనీల్లో రెఫరల్స్ కావాలి."

"ఇన్నాళ్లూ మింగి కూర్చున్నావారా!" అని రమేశ్ అన్న కసిరాడు. "రెజ్యూమె ఇప్పుడే పంపు." అంతలో మా డిఫెండర్ కల్యాణ్ తల దించుకుని, "అన్నా, నాది పోయి పన్నెండు రోజులైతుంది," అన్నాడు. డంకన్ మాత్రం వంగి, మోకాలు పట్టుకుని, మైదానంలో హద్దులకు పెట్టిన కోన్లు ఏరుకోసాగారు. ఆ క్షణంలో ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఎనిమిది రోజులు మిగిలుండగా రమేశ్ అన్న స్నేహితుడి కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. కల్యాణ్‌కు నాకంటే ముందే దొరికింది. ఇప్పుడు ఆట అయ్యాక గుండ్రంగా నిలబడి, "ఎవరికేం కావాలి?" అని అడిగేది నేనే. అడిగాక ఎవరినీ తొందరపెట్టను. పోయిన ఆదివారం కొత్తగా చేరినతను చాలాసేపు బూట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెయ్యెత్తాడు.