ఆరిన నేలకు బోర్డు

2023 వేసవి. సికింద్రాబాద్‌లో లాలాగూడ వైపున్న ఒక పాత షాపింగ్ మాల్‌లో నేను హౌస్‌కీపింగ్ పనిలో ఉన్నాను. చేరిన కొత్తలో పండుగ రోజులొస్తే నేల తుడవడానికి సందు దొరికేది కాదు. ఆ ఏడాదికి పై అంతస్తులో షట్టర్లన్నీ దిగిపోయాయి. కింద ఒక కంటి ఆసుపత్రి, ఒక కోచింగ్ సెంటర్ మిగిలాయి. ఎండకు ఆగలేని పెద్దవాళ్లు మాత్రం పొద్దున్నే లిఫ్టులో పైకి వచ్చి ఖాళీ కారిడార్‌లో నడిచేవారు.

వాళ్లలో ఖాజా భాయ్ ఒకరు. ఆ కారిడార్ చివరి దుకాణంలోనే ఏళ్ల తరబడి బట్టలు కుట్టారు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు సరిగా లేవదు. భార్య రహీమా అక్క చేయి పట్టుకుని, మూతపడిన ఆ దుకాణం దాకా రోజూ నడిపించేది. నడక మానితే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పారట.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కారిడార్‌ను నిలువునా రెండు సగాలు అనుకుని, ఒక సగం ఆరాకే రెండోది తుడవాలి. తడి ఉన్న వైపు కాషన్ బోర్డు పెట్టాలి. జారుతుందని హెచ్చరించే పసుపు బోర్డు అది. ఒకరోజు ఖాళీ దుకాణాలు చూడటానికి ఎవరో వస్తున్నారని మేనేజర్ తొందరపెట్టాడు. నేను మొత్తం ఒకేసారి తుడిచేశాను. ఉన్న ఒక్క బోర్డూ అవతలి చివర పెట్టాను. ఖాజా భాయ్ లిఫ్టు దిగి నాలుగు అడుగులు వేసి, జారి పడ్డారు.

ఎముకలకేమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి ఆయన లిఫ్టు పక్కనున్న బెంచీ మీద కూర్చుని లేచేవారు కాదు.

"జెర లేవుండ్రి. నాలుగే అడుగులు," అని రహీమా అక్క బతిమాలేది.

"నువ్వు నడువు. నేను చూస్త."

"నేను నడిస్తే మీ కాలు బాగైతదా?"

వారం గడిచింది. నేనే వెళ్లి చెప్పాను. "తప్పు నాది భాయ్. ఇయ్యాల మంచిగ ఆరబెట్టిన."

"నువ్వు ఆరబెట్టినవ్ యాదమ్మా. నాకైతే తడిగనే కనబడ్తుంది. ఆ పసుపు బోర్డు చూస్తేనే కాలు వణుకుతది."

ఆ మధ్యాహ్నం స్టోర్‌రూమ్‌లో రాతలు చెరిగిపోయిన పాత బోర్డు వెతికి, తెల్ల కాగితం అంటించాను. అక్షరాలు నాకు యాభై దాటాక, రెజిమెంటల్ బజార్‌లో సాయంత్రం బడికి వెళితే వచ్చాయి. పనిలో అప్పటిదాకా సంతకం తప్ప ఏమీ రాయలేదు. మార్కర్‌తో నిదానంగా రాశాను: "ఇటు ఆరింది. నడవండి. యాదమ్మ."

మర్నాడు ఒక సగమే తుడిచాను. పొడి గుడ్డతో మళ్లీ ఒత్తి, చెప్పులు విడిచి ఆ చివరి దాకా నడిచి చూసుకున్నాను. అప్పుడు బోర్డు తెచ్చి బెంచీ ఎదుట పెట్టాను.

ఖాజా భాయ్ కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "పేరెందుకు రాసినవ్?"

"పడితే ఎవర్ని తిట్టాల్నో తెల్వాలె గదా."

రహీమా అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన బెంచీ అంచు పట్టుకుని లేచారు. రహీమా అక్క చేయి అందుకుని నడిచి, తన దుకాణం షట్టర్ మీద చెయ్యి ఆనించారు.

జారే చోటు చూపించడం మాకు మొదటి రోజే నేర్పుతారు. భయపడ్డ మనిషికి నడవగలిగే చోటు కూడా చూపించాలని ఆయన వల్ల తెలిసింది. ఇప్పుడు పొద్దున పదిమంది దాకా నడుస్తున్నారు. కాగితం మాసినప్పుడల్లా కొత్తది అంటించి మళ్లీ రాస్తాను, నా పేరుతో సహా.