పాయింట్ ఫోర్ సిక్స్

హైస్కూల్లో సైన్సు చెప్పబట్టి పదకొండేళ్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను అని ఏటా బోర్డు మీద రాస్తాను. ఆ లెక్క మా చెల్లెలి కంటి దగ్గర అవసరపడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

చెల్లి పోలీసు సెలెక్షన్లకి తయారవుతోంది. రోజూ రామచంద్రపురం గ్రౌండులో పరుగు. అద్దాలు లేకుండా చూపు సరిగ్గా ఉండాలన్నారు. దానికేమో చిన్నప్పటినుంచీ కళ్లజోడు. లేజర్ చేయించుకుంటానంటే రాజమండ్రిలో ఒక కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాను. పరీక్షలు చేసి, ఆపరేషన్‌కి రోజు ఇచ్చారు. ఆ రోజు అంగీకారపత్రం మీద అది సంతకం పెట్టింది, సాక్షిగా నేనూ పెట్టాను.

దాన్ని లోపలికి తీసుకెళ్లాక ఊరికే కూర్చోలేక రిపోర్టు తిరగేశాను. కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, మందం 0.46 మి.మీ. అని ఉంది. లేజర్ చెక్కేది ఆ పొరనే. అది కనీసం 500 మైక్రాన్లు ఉంటేనే చేస్తామని ఎదురుగా గోడ మీద వాళ్లు అంటించిన కాగితమే చెబుతోంది. వెయ్యితో గుణించాను. నాలుగు వందల అరవై. మళ్లీ గుణించాను. అంతే వచ్చింది.

కౌంటర్లో అమ్మాయిని అడిగాను.

"పాయింట్ ఫోర్ సిక్స్ అంటే నార్మలేనండి. పాయింట్ ఫైవ్‌కి దగ్గరే కదా మేడమ్" అంది.

"నలభై మైక్రాన్లు తక్కువండి. డాక్టరు గారిని పిలవండి."

"ఆయన థియేటర్లో ఉన్నారండి."

"అయితే ముందు మా చెల్లిని బయటికి పంపండి."

నా గొంతుకి హాలంతా తిరిగి చూసింది. కాసేపటికి డాక్టరు వచ్చి, నిలబడే కాగితం చూసి, "పల్చగా ఉంది. వద్దులెండి" అని వెళ్లిపోయాడు. అంతే. కళ్లలో చుక్కలు వేసి బల్ల ఎక్కించబోయిన మనిషికి ఆయన చెప్పిన సంజాయిషీ అది.

బస్సులో చెల్లి నా మీదే విరుచుకుపడింది. "నువ్వు ఊరుకునుంటే ఈపాటికి అయిపోయేది. నీ లెక్కలు బళ్లో చెప్పుకో అక్కా." పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పదమూడో రోజున బతిమాలి కాకినాడలో ఇంకో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మళ్లీ కొలిచారు. 461 మైక్రాన్లు. "ఇంత పల్చటి పొరని చెక్కితే తర్వాత ఉబ్బిపోయి, ఉన్న చూపు కూడా పోవచ్చమ్మా" అని దానికే నెమ్మదిగా చెప్పారు. అది తల వంచుకుని విన్నది.

ఆ వారమే పాత ఆస్పత్రిలో మా రిపోర్టు కాపీ అడిగాం. కొత్త కాగితం ఇచ్చారు. "460 మైక్రాన్లు. లేజర్‌కి పనికిరాదు." కింద మొదటి పరీక్ష నాటి తేదీ. ఆ రోజు హాల్లో తీసిన మొదటి కాగితం ఫొటో నా ఫోన్‌లో ఉంది, అందులో పనికిరాదన్న మాటే లేదు. చూపించాను.

"ఆపరేషన్ చెయ్యలేదు కదా మేడమ్, ఇంకేంటండి మీ బాధ?" అంది కౌంటర్లో అమ్మాయి.

నేను నోరు తెరిచేలోపే చెల్లి ముందుకొచ్చింది.

"కళ్లు నావండి. మొదటి కాగితం చూసి సరేనన్నది ఎవరో వాళ్లని పిలవండి. ఇక్కడే కూర్చుంటాం."

సాయంత్రం దాకా కూర్చున్నాం. ఎవరూ రాలేదు. కొత్త కాగితమూ, ఆ ఫొటో ప్రింటూ జతచేసి జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చెల్లే రాసింది. పోలీసు ఉద్యోగం ఆశ వదులుకుంది. ఫిర్యాదుకి ఇంతవరకూ జవాబు లేదు. సోమవారం సెలవు పెట్టాను, ఇద్దరం ఆ ఆఫీసుకి వెళ్తున్నాం.