తగరపు కిరీటం దొంగ

కలం పట్టిన ప్రతివాళ్ళూ కనీసం ఒక హత్యతోనైనా మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డెబ్బైలు ముగిసిపోతున్నాయి. డిగ్రీ చదివి, టైపు నేర్చుకుని, జంషెడ్‌పూర్‌లో ఉన్న మా అక్కా బావల క్వార్టర్స్‌కి వచ్చి, అదే ఊళ్ళో బిష్టుపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. పగలంతా ఇంగ్లీషులో ఇతరుల ఉత్తరాలు కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో మనుషుల్ని చంపేదాన్ని (కాగితం మీదే లెండి). అక్క వంటింట్లోంచి, కూర ఏం వండాలో అడిగినంత మామూలుగా, "ఈరోజెవలు పోనారే?" అని అడిగేది.

మా తెలుగు సంఘానికి సైక్లోస్టైల్ చేసే మాసపత్రిక ఒకటుండేది. దాన్ని నడిపేది కామా మాస్టారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన ఆయన, ఎవరేం రాసిచ్చినా ముందు కామాలు చల్లి ఆ తర్వాత చదివేవారు. నా మొదటి అపరాధ పరిశోధన కథ మొత్తం చదివి కళ్ళద్దాలు తీసి, ఇంతమందిని చంపేస్తే మన పత్రిక చదవడానికి కాలనీలో ఎవరు మిగులుతారని అడిగారు. నాకు చాలా కోపమొచ్చింది. ఆయన మాత్రం శాంతంగా, రక్తం లేకుండా కూడా మిస్టరీ రాయొచ్చని చెప్పారు. మనకి తెలిసిన చోట, తెలిసిన మనుషుల మధ్య, ఏదో ఒక వస్తువు పోవాలట. చదివేవాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకుని దాన్ని వెతకాలట. చివరికి దొంగ దొరికాక, "అయ్యో, ఇతనా!" అని అతని మీద జాలి కూడా కలగాలట. హత్యకి అలవాటుపడిన చేతికి ఇది చాలా చప్పగా అనిపించింది. కానీ పత్రిక ఆయనది.

ఏం పోవాలా అని ఆలోచిస్తే, సంఘం ఏటా వేసే పౌరాణిక నాటకం గుర్తొచ్చింది. అందులో రాజుగారి కిరీటం పోయిందని సీరియల్‌గా మొదలుపెట్టాను. అట్టమీద తగరపు రేకు అంటించిన కిరీటం. అనుమానితులుగా హార్మోనియం వాయించేవాణ్ణీ, ఉప్మా చేసే పిన్నినీ, రాజు వేషం వేసే పెద్దాయన్నీ పెట్టాను. మూడో భాగంలో, వర్ణన అందంగా ఉంటుందని, రాజుగారి పంచె అంచుకి తళుకు ముక్క ఒకటి అంటించాను. అంతకుమించి నాకే ఉద్దేశమూ లేదు. దొంగ ఎవరో నాకే తెలియదు. రాస్తూ పోతే ఎక్కడో ఒకచోట వాడే కనిపిస్తాడని నా ధీమా.

పాఠకులకు మాత్రం కనిపించేశాడు. సాక్చి బజారులో కూరలు కొంటుంటే తెలుగువాళ్ళు ఆపి మరీ, మహారాజు బాబాయే కదా దొంగ అని నన్ను అభినందించసాగారు. ఏళ్ళ తరబడి సంఘంలో రాజు వేషం వేస్తున్నందుకు అందరూ అలా పిలిచే ఆ బాబాయి, కార్ఖానాలో మా బావ షిఫ్టుకి ఫోర్‌మన్. ఈ సంగతి నాకు తెలియక కాదు, కథ రాసే ఉత్సాహంలో తట్టలేదు, అంతే. బావ అన్నం ముందు కూర్చుని, రేపట్నుంచి తనని కొలిమి పక్కకే వేస్తారేమోనని నెమ్మదిగా అన్నాడు. అక్క నాతో రెండు పూటలు మాట్లాడలేదు. వాళ్ళ చిన్నది ఒక్కతే నా పక్షం. "మౌసీ, చోర్ కౌన్ హై?" అని, దొంగెవరో చెప్పమంటూ వెంటబడేది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఆదివారం పొద్దున్న మహారాజు బాబాయే వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మా పత్రిక. బావ కుర్చీ వేసి పక్కన నిలబడిపోయాడు. బాబాయి నన్ను కూర్చోమన్నారు. నేను ఆయన నోరు తెరిచేలోగానే, అది ఆయన కాదనీ, కల్పన అనీ, వచ్చే నెల తళుకు ముక్క తీసేస్తాననీ గబగబా చెప్పేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "తీసెయ్యొద్దమ్మా," అన్నారు. "దొంగని నన్నే సెయ్యి. కానీ ఎందుకు తీసినానో రాయలేదేటి? ఊరికే తీసేత్తానా నేను?"

దొంగతనానికి కారణం ఉండాలన్న సంగతి అంతవరకు నేను ఆలోచించనే లేదని అప్పుడు తెలిసింది. ఆయన పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకుని, కారణం తనే చెప్పారు. ముందుపళ్ళు ఊడి, పద్యంలో సగం అక్షరాలు గాలికి పోతున్నాయని, ఆ ఏడు వేషం బ్యాంకులో పనిచేసే కుర్రాడికి ఇద్దామని కమిటీ అనుకుంటోందట. ఎవరూ ఆయనతో అనలేదు. రిహార్సల్‌కి రమ్మని కబురు రాకపోతే అర్థమైందట.

"కిరీటం లేపోతే నాటకం ఆగిపోద్ది. ఆగిపోతే ఇంకొకడు నా వేషం కట్టడు గదా," అన్నారు. "ఇదీ కారణం. రాసుకో."

వంటింట్లో అక్క టీకి నీళ్ళు పెట్టింది. నిజంగా అయితే తీసేవారా బాబాయ్ అని అడిగాను. ఆయన బోసినోటితో నవ్వి, తగరపు రేకుని ఎవడు తీత్తాడమ్మా అన్నారు. అక్క తెచ్చిచ్చిన టీ తాగి, వెళ్తూ వెళ్తూ బావని మాత్రం సోమవారం ఆలస్యంగా రావద్దని హెచ్చరించారు.

ఆయన చెప్పిన కారణంతోనే ఆఖరి భాగం ఒక్క ఊపున రాసేశాను. కిరీటం పోయింది ఎక్కడికీ కాదు, పెద్దాయన ఇంట్లో అద్దం ముందే ఉందనీ, ఆయన రోజూ పెట్టుకుని పద్యం పాడుకుంటున్నారనీ రాశాను. కామా మాస్టారు చదివి ఒక్క కామా కూడా పెట్టలేదు. పత్రిక వచ్చిన వారంలో ఆ బ్యాంకు కుర్రాడే బాబాయి ఇంటికి వెళ్ళి, వేషం మీరే కట్టండి, నేను తెర పక్కన నిలబడి పద్యం అందిస్తానన్నాడు. నాటకం రోజున అక్షరాలు నిజంగానే గాలికి పోయాయి. అయినా జనం వన్స్ మోర్ అన్నారు. మర్నాడు కార్ఖానాలో అందరికీ ఆయన పద్యం గురించి కాక, "దొంగని నేనే" అని చెప్పుకు తిరిగారని బావ చెప్పాడు. ఆ మరుసటి ఏడు వేషం తనే ఆ కుర్రాడికి ఇచ్చేసి, ముందు వరసలో కూర్చుని తప్పులు పైకే దిద్దారు.

ఆ తర్వాత చాలానే రాశాను. ఎవరినీ చంపలేదు. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. కథ పేరు తెచ్చిందని, వేళ్ళకి సిరా మరకతో, సాక్చి బజారంతా తననే చూస్తోందన్నట్టు నడిచేది ఆ పిల్ల. అంత గొప్ప ముగింపు తన బుర్రలోంచే పుట్టిందని, పాపం, చాలా ఏళ్ళు నమ్మింది.