బయట తిని వచ్చిన రాజయ్య

నాగావ్‌లో మరమగ్గాల పనివారితో పాటు నేనూ భోంచేసే పూటకూటింట్లో ఒక నియమం ఉన్నది: బయట తినదలచినవాడు ముందుగా చెప్పాలి. ఈ సాయంత్రం రాజయ్య చెప్పనూ లేదు, రానూ లేదు, ఫోను ఎత్తలేదు. మగ్గం వద్ద ప్రమాదమేమోనన్న భయంతో ఎవరమూ అన్నం కలపలేదు. వడ్డించే పోశవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది. చివరికతడు బిర్యానీ వాసనతో వచ్చాడు.

"యాడికి పోయినవ్‌రా? మగ్గంల చెయ్యి ఇరికిందేమోనని నా పానం పోయింది!"

"దోస్తులు హోటల్‌కు గుంజుకపోయిండ్రు, అక్కా."

"ఫోన్ ఎత్తితె నీదేం పోతుండె? కూసో! నీ బువ్వ ఎవలు తింటరు, నీ తాతనా?"

అతడు కూర్చుని రెండవ భోజనం ముగించాడు. ధర్మశాస్త్రాలు కొంత చదివినవాణ్ణి. ఇంత కఠినమైన ప్రాయశ్చిత్తం ఎక్కడా చూడలేదు. చెప్పకుండా బయట తిని వస్తే మీ ఇంట విధించే శిక్ష ఏమిటో సెలవివ్వండి.