రేకుల మీది పంటిముక్క

ఏప్రిల్ నెల. ఉదయం ఏడున్నరకు మా సైన్యం పంటి వైద్యం వ్యాను, తెలుగు రైల్వే కుటుంబాలు ఎక్కువగా ఉండే నిమ్‌పురా చేరింది. అప్పటికే ఉక్కపోత. మాజీ సైనికుల కుటుంబాలకు రెండు రోజుల శిబిరం. డాక్టరు కెప్టెన్ మేడమ్, ఆమెకు సహాయకుణ్ణి నేను, ఒక డ్రైవరు. సైన్యంలో ఏం చేశావని మీరంతా అడుగుతుంటారు. ఎక్కువగా ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకున్నాను.

రెండో రోజు పదకొండింటికి ఒక మామ్మ పదమూడేళ్ళ మనవరాలిని తెచ్చింది. ముందురోజు సైకిల్ మీంచి పడి ఆ పిల్ల ముందు పన్ను సగానికి విరిగింది. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తియ్యదు. ఇక బడికి పోనంటోందట.

మేడమ్ చూసి, "నరం బయటపడలేదు. విరిగిన ముక్క ఉంటే అదే అతికిద్దాం. ఏదీ?" అంది హిందీలో. నేను తెలుగులో అడిగాను.

మామ్మ తెల్లబోయింది. "పన్నూడితే రేకుల మీద ఇసరాలి కదేటి బాబూ! మంచిది మొలుస్తాదని ఇసిరేసినాను."

పాలపళ్ళకు చేసేది దీనికీ చేసేసింది. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. నాలుగింటికి మేం బయల్దేరాలి.

వాళ్ళ రైల్వే క్వార్టర్ రెండు వీధుల అవతల. నిచ్చెన వేసుకుని ఎక్కాను. సిమెంటు రేకు పగలకుండా బోల్టుల వరస మీదే పాకాను. మోకాళ్ళు కాలాయి. ఒక గాడిలో ఎప్పటిదో పాలపన్ను. పక్క గాడిలో మన ముక్క.

వాకీటాకీ నొక్కాను. "దొరికింది మేడమ్."

"నీళ్ళలో వేసి తీసుకురా."

స్టీలు గ్లాసు మామ్మే పట్టుకుంది. రెండు చేతులా, చుక్క ఒలక్కుండా నడిచింది.

ముక్క నానాక మేడమ్ నీలం జెల్ తీసింది.

"ఇదేటి బాబూ?"

"యాసిడ్ మామ్మా. పన్ను కాస్త గరుకైతే జిగురు పట్టుకుంటుంది."

"గచ్చు కడిగేదా! పిల్ల నోరు కాలిపోదేటి?"

"చిగుళ్ళకి తగలనివ్వం. ముప్పై సెకన్లే. నువ్వే లెక్కపెట్టు."

భయంకొద్దీ గబగబా లెక్కపెట్టేసింది. నా గడియారంలో ఇరవయ్యే అయింది. "ఇంకో పది," అంది మేడమ్.

కడిగి ఆరబెడితే పంటి అంచు సుద్దలా తెల్లబడింది. ముక్కకూ అంతే చేశాం. జిగురు రాసి, ముక్క ఆనించి, జిగురును గట్టిపరిచే దీపం పట్టాం. మేడమ్ వేలితో నొక్కి చూసింది. కదల్లేదు. పిల్ల అద్దంలో చూసుకుంది. మామ్మ ఏడ్చేసింది.

నాలుగూ పదికి వ్యాను కదిలింది. సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. చాలా ఊళ్ళు మరిచిపోయాను. వ్యాను పక్క అద్దంలో చూసింది మాత్రం మరిచిపోలేదు. ఆ పిల్ల రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ ఊపుతోంది.